వడ్రంగి థామస్ లింకన్‌కి వారసులెవరు?

పూర్వీకుల్ని వెతకడం ఇప్పుడు పెద్ద వ్యాపారం. ట్యూబులో ఉమ్మి పంపితే కొన్ని వారాల్లో వేలువిడిచిన చుట్టాల జాబితా ఫోన్లోకి వచ్చేస్తుంది. అమెరికాలో అయితే జనాభా లెక్కలు, భూమి దస్తావేజులు, పెళ్ళి రిజిస్టర్లు చాలావరకు ఆన్‌లైన్లోనే ఉన్నాయి. ఎలా వెతకాలన్నది ఇక పెద్ద సమస్య కాదు. వెతికేవాడికి కావలసింది ఆ ముత్తాతా, లేక తన కథకి ఒక మంచి మొదటి పేజీయా? నాకు ఆసక్తి ఉన్నది ఆ ప్రశ్న మీద.

దీనికి థామస్ లింకన్ కంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. అబ్రహాం లింకన్ తండ్రి. 1778లో వర్జీనియాలో పుట్టాడు. ఎనిమిదేళ్ళప్పుడు, కెంటకీలో పొలం పని చేస్తున్న తండ్రిని నేటివ్ అమెరికన్లు చంపడం కళ్ళారా చూశాడు. అప్పటి చట్టం ప్రకారం తండ్రి ఆస్తి పెద్దన్నకే పోయింది. చిన్నవాడు ఊరూరా కూలి చేసి, వడ్రంగం నేర్చుకున్నాడు. 1816లో కుటుంబాన్ని తీసుకుని ఇండియానా అడవుల్లోకి వెళ్ళాడు, 1830లో ఇల్లినాయ్‌కి. మిడ్‌వెస్ట్ అప్పుడప్పుడే ఊళ్ళుగా మారుతోంది. అక్కడ వడ్రంగి అంటే దుంగల ఇల్లూ కడతాడు, తలుపూ బిగిస్తాడు, మంచమూ చేస్తాడు. లిటిల్ పిజన్ క్రీక్‌లో చర్చి కట్టే పని దగ్గరుండి చూసుకున్నది థామసే. 1818లో భార్య నాన్సీ విషపు మొక్క తిన్న ఆవుల పాల వల్ల చనిపోతే శవపేటిక కూడా ఆయనే చేశాడు. దానికి చెక్క చీలలు చెక్కింది తొమ్మిదేళ్ళ అబ్రహాం అని చెప్తారు.

ఆ అబ్రహామే 1848లో, కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నప్పుడు, తన వంశం గురించి ఆరా తీశాడు. మసాచుసెట్స్‌లో సాలమన్ లింకన్ అనే ఆయనకీ, వర్జీనియాలో డేవిడ్ లింకన్ అనే ఆయనకీ ఉత్తరాలు రాశాడు. మా తాత ఎక్కణ్ణించి వచ్చాడు, మీకూ మాకూ చుట్టరికం ఉందా అని. అదే ఏడాది డిసెంబర్లో తండ్రి నుంచి కబురొచ్చింది: పాత బాకీ కింద భూమి పోయేలా ఉంది, ఇరవై డాలర్లు కావాలి. కొడుకు పంపాడు. పంపుతూ, మీ మీద ఉన్న కోర్టు తీర్పుని మీరు మర్చిపోవడం వింతగా ఉందే అని కూడా రాశాడు.

ఎప్పుడో చనిపోయిన లింకన్ల మీద అంత కుతూహలం, బతికున్న లింకన్ మీద ఇంత అనుమానం! 1851 జనవరిలో తండ్రి మంచాన పడ్డాడని తెలిసినా అబ్రహాం వెళ్ళలేదు. ఇంట్లో భార్యకి బాగాలేదు, అది నిజమే. కానీ మేమిద్దరం ఇప్పుడు కలుసుకుంటే సంతోషం కంటే బాధే ఎక్కువేమో అని కూడా సవతి తమ్ముడికి రాశాడు. అయిదు రోజుల్లో థామస్ పోయాడు. అంత్యక్రియలకీ కొడుకు వెళ్ళలేదు.

ఇక్కడ కొడుకుని దోషిని చెయ్యడం సులువు, నాకది ఇష్టం లేదు. తనని ఇరుగుపొరుగుకి కూలికి పంపి ఆ డబ్బులు తీసుకున్న తండ్రి ఆయన. చదువు విలువ తెలియని మనిషని కొడుక్కి కోపం ఉండొచ్చు. బతికున్న తండ్రి మనకి ఎదురు చెప్తాడు, అప్పు అడుగుతాడు. చచ్చిపోయిన తాత ఏమీ అడగడు. అందుకే తాతల్ని ప్రేమించడం తేలిక.

అబ్రహాం హత్య తర్వాత జీవితచరిత్రలు రాసినవాళ్ళు మరో పని చేశారు. కొడుకు ఎంత ఎత్తుకి ఎదిగాడో చూపించాలంటే మొదలు బాగా కిందుండాలి కదా! దాంతో థామస్ సోమరిపోతు, తిరుగుబోతు, దేనికీ పనికిరానివాడు అయ్యాడు. ఆ మాట దశాబ్దాలపాటు చలామణీ అయింది. 1920ల్లో లూయిస్ వారెన్ లాంటివాళ్ళు కెంటకీ కౌంటీ ఆఫీసుల్లో కూర్చుని దస్తావేజులు చదివితే వేరే మనిషి కనపడ్డాడు. 1803లో 238 ఎకరాలు కొన్నవాడు, పన్ను కట్టినవాడు, జ్యూరీలో కూర్చున్నవాడు. భూములు పోయింది సోమరితనం వల్ల కాదు, అక్కడి హక్కు పత్రాలు అస్తవ్యస్తంగా ఉండటం వల్ల. ఆయన చేసినవని చెప్పే మూల అల్మారాలు కొన్ని ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి.

నా వృత్తిలో గిట్ బ్లేమ్ అని ఒక కమాండ్ ఉంది. పాత కోడ్‌లో ఏ లైను ఎవరు రాశారో చెప్తుంది. ఏ ఒత్తిడిలో రాశాడో చెప్పదు. రికార్డులూ అంతే. పైగా అవి అందరినీ సమానంగా పట్టించుకోవు. 1850కి ముందు అమెరికా జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే రాసేవాళ్ళు, మిగతావాళ్ళంతా వయసుల వారీగా అంకెలే. థామస్ రెండో భార్య శారా ఆ దుంగల ఇంటికి చెక్క నేల వేయించిందని కుటుంబంలో గుర్తుపెట్టుకున్నవాళ్ళు చెప్పబట్టి మనకి తెలిసింది. ఏ పన్ను రిజిస్టరూ ఆ సంగతి రాసుకోలేదు.

థామస్ చివరిరోజులు గడిపిన ఇల్లినాయ్ ఇంటిని 1893 షికాగో ప్రదర్శన కోసం విప్పదీసుకెళ్ళారు. తర్వాత ఆ దుంగలు ఏమయ్యాయో తెలియదు. కెంటకీలో మాత్రం గ్రానైటూ పాలరాయీ పెట్టి గుడి లాంటి భవనం కట్టి, లోపల ఒక దుంగల ఇంటిని పెట్టారు. ఆ దుంగల వయసు పరీక్షిస్తే, అవి అబ్రహాం పుట్టిన చాలా ఏళ్ళకి కొట్టిన చెట్లవని తేలింది. వడ్రంగి కట్టిన అసలు ఇల్లు పోయింది, కథకి కావలసిన ఇల్లు నిలబడింది.

ఇంకో సంగతి. అబ్రహాం వంశంలో నిర్వివాదంగా చివరివాడు 1985లో పోయాడు. అబ్రహాం అక్క శారా 1828లోనే కాన్పులో చనిపోయింది, బిడ్డా దక్కలేదు. అంటే థామస్ లింకన్ మా తాతముత్తాత అని దస్తావేజు చూపించి చెప్పుకోగలిగినవాళ్ళు ఇవాళ లేరు. ఆయన మీద పడ్డ నిందని తుడిచినవాళ్ళకీ ఆయనతో రక్తసంబంధం లేదు. ఓపిగ్గా కాయితాలు చదివారంతే.

చనిపోయినవాళ్ళకి మనం ఏమైనా బాకీ ఉన్నామా అంటే, ఉన్నామనే నాకనిపిస్తుంది. వాళ్ళ గొప్ప చెప్పుకోవడం ఆ బాకీలో భాగం కాదు. వాళ్ళు చేసిన పని వాళ్ళ ఖాతాలో రాయాలి, చెయ్యని తప్పు కొట్టెయ్యాలి, చేసిన తప్పు ఉంచాలి. అబ్రహాం కూడా అది కొంత చేశాడేమో. 1853లో పుట్టిన ఆఖరి కొడుక్కి థామస్ అని పేరు పెట్టాడు. 1861లో అధ్యక్షుడిగా వాషింగ్టన్ వెళ్ళబోతూ, పదేళ్ళ కిందట వెళ్ళలేకపోయిన ఆ వడ్రంగి సమాధి దగ్గరికి వెళ్ళొచ్చాడు.