మెల్లని దక్షిణపు గాలి

పఠనము: అపొ. కార్యములు 27:9–26

దుర్గ్ పట్టణము సముద్రమునకు మిక్కిలి దూరము. అయినను దాని చెంతనున్న భిలాయి ఉక్కు సముద్రముమీద తిరుగుచున్నది. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళమున చేరిన విక్రాంత్ నిర్మాణమునకు వాడిన ఉక్కులో కొంత ఆ కర్మాగారమునుండి వెళ్లినదే. అంతటి ఉక్కు ఓడయు వాతావరణ మెట్లున్నదో తెలిసికొనకుండ రేవు విడువదు.

పౌలు ఎక్కినది గోధుమలు మోయు అలెక్సంద్రియ ఓడ. ఉపవాసదినము గతించెను, అనగా అక్టోబరు సమీపించెను, లేదా ప్రవేశించెను. ఆ ఋతువున మధ్యధరా సముద్రము నమ్మదగినది కాదు. తెలుగు తీరపు జాలరులకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనయు, 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫానును వచ్చినది ఇట్టి కాలముననే.

పౌలు హెచ్చరించెను. శతాధిపతి ఓడ నడుపువానిని, ఓడ యజమానుని నమ్మెను. అతనిని అవివేకి యనుట సులభము. కాని పనియెరిగినవాని మాట వినుట లోకమున వివేకమే గదా! ఆ రేవు శీతకాలము గడపుటకు తగినది కాదు. పోవుదమనువారే ఎక్కువమంది. అంతలో దక్షిణపు గాలి మెల్లగా వీచెను. తలచినది సమకూడెనని లంగరెత్తిరి. ఒక పూట గాలిని చూచి ఋతువును మరచిరి. కొంతసేపటికే ఊరకులోను వారిమీద పడెను.

విశాఖపట్నము, కాకినాడ రేవులలో తుఫాను హెచ్చరికలకు 1 మొదలు 11 వరకు అంకెలు గలవు. మొదటిది ఎగురవేయునప్పటికి తుఫాను ఇంకను పుట్టియుండకపోవచ్చును. రేవులో ఎండ కాయుచుండవచ్చును. ఆ ఎండను నమ్మి పడవ దించువానికి పదవది ఎగురువేళ తిరిగివచ్చుటకు వ్యవధి యుండదు.

పనికొరకు తీరము విడిచి భిలాయి చేరిన తెలుగు కుటుంబములకును ఇట్టి గాలి వీచును. అప్పు సులభముగా దొరకును; వాక్యము వలదన్న సంబంధము దానంతట అదే ఇంటికి వచ్చును. “దారి తెరచుకొన్నది, ఇది ప్రభువు చిత్తమే” అని ప్రార్థన ముగింతురు. మెల్లని గాలి దేవుని సెలవని క్రేతు తీరమున ఎవరును చెప్పలేదు. వారే అట్లు చదువుకొనిరి.

పౌలును ఆ ఓడలోనే ఉండెను. తన మాట వినవలసి యుండెనని ఒక్కసారి జ్ఞాపకము చేసెను, వెంటనే ధైర్యము చెప్పెను. గోధుమలు సముద్రము పాలాయెను, ఓడ బద్దలాయెను. 276 మందియు మెలితే ఒడ్డు చేరిరి.