కారిపోయిన నీటికి కర్త యెవరు?

కడప మండలమందలి పోరుమామిళ్లలో క్రీ. శ. 1369వ సంవత్సరపు శిలాశాసన మొకటి కలదు. విజయనగర రాజకుమారుడగు భాస్కరుడు అచ్చట పెద్ద చెరువు కట్టించి, చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను ఆ రాతిపై చెక్కించెను. ఆ యారింటిలో మొదట చెప్పబడినది కట్టనుండి నీరు కారుట. చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దు మున్నగునవి దాని తరువాతివే. తటాకమును సప్తసంతానములలో నొకటిగా నెంచిన మన పెద్దలు, నీటిని కూర్చుటతోపాటు కారనీయకుండుటను గూడ ధర్మములోనే చేర్చిరి.

ఆ చెరువునకు ఒకని పేరుండెను. కట్ట కారినచో ఎవరి నడుగవలెనో ఊరికి తెలియును. నేటి నగరములో నీరు భూమిక్రింది గొట్టములలో పారుచున్నది. అది కారినచో దోషమెవరిది? ‘నీరు కారినది’ అను వాక్యములో నీరే కర్త. మరియొక కర్త కనబడడు. ఈ వ్యాకరణమే మావంటి ఉద్యోగులను చాలకాలము కాపాడినది.

మనము తరతరములుగా కాపురమున్న ఈ బెంగుళూరునకు 1896లో హెసరఘట్ట నుండి గొట్టపు నీరు వచ్చెను. 1933లో తిప్పగొండనహళ్లి జలాశయము తోడయ్యెను. 1974 నుండి కావేరి వచ్చుచున్నది. వచ్చుచున్నది యనుట సులువు. సుమారు నూరు కిలోమీటర్ల దూరము, తొరెకాడనహళ్లి, హారోహళ్లి, తాతగుణి అను మూడు మజిలీలలో యంత్రములు ఆ నీటిని సుమారు 500 మీటర్లు పైకెత్తుచున్నవి. వేయి లీటర్లను అంత యెత్తునకు చేర్చుటకు లెక్కప్రకారమే 1.36 యూనిట్ల కరెంటు పట్టును. యంత్రముల నష్టముతో అది ఇంకను పెరుగును. 2024 అక్టోబరులో ఐదవ దశ ప్రారంభమై, దినమునకు 77 కోట్ల 50 లక్షల లీటర్లు అదనముగా తెచ్చు శక్తి కలిగినది. పాతదానితో కలిపి 222 కోట్ల 50 లక్షలు. అందులో నాలుగవ వంతు మాత్రమే లెక్కకు రాకుండ పోవుచున్నదనుకొందము. అదియే 55 కోట్లు దాటును. అనగా ఇంత ఖర్చుపెట్టి కొత్తగా తెచ్చినదానిలో మూడింట రెండు పాళ్లకు పైమాట.

మేము ఇరువదేండ్లకు పైగా ఒక ఊరి నీటిపన్ను కచ్చేరీలో గుమాస్తాగా నుంటిమి. (ఏ ఊరో చెప్పుట అనవసరము.) పంపిన నీరు ఒక గడిలో, బిల్లు వేసిన నీరు మరియొక గడిలో వ్రాసి, మిగిలిన తేడాను ‘లెక్కకు రాని నీరు’ అను మూడవ గడిలో వేసెడివారము. పగిలిన గొట్టము, తిరుగని మీటరు, దొంగ కొళాయి, మా తప్పు కూడిక, అన్నియు ఆ గడిలో నొక్కటే.

ఒక వేసవిలో రెండు కాగితములు ఒకే వారమున మా బల్లపైకి వచ్చెను. ఒకటి, అనుమతి లేక కొళాయి తగిలించుకొన్న ఒక కూలియామెను గూర్చినది. ఆమెకు నోటీసు మా చేతితోనే వ్రాసితిమి. కొద్ది దినములలోనే కొళాయి కోసివేసిరి. రెండవది ఒక వీథివారి అర్జీ. మూలమలుపున రోడ్డు ఎల్లప్పుడు తడిగా నున్నదనియు, మండుటెండలలో సైతము అచ్చట గడ్డి పచ్చగా నున్నదనియు వారు వ్రాసిరి. దానిని రిజిస్టరులో నెక్కించి, పై విభాగమునకు పంపి, మా పని ముగిసినదనుకొంటిమి. ఎనిమిది నెలలకు గాని అచ్చట గుంత త్రవ్వలేదు. నిమిషమునకు ఒక్క లీటరు కారు చీలిక యైనను దినమునకు 1,440 లీటర్లు పోవును. నగరవాసి కొక్కనికి 135 లీటర్లను కొలత ప్రకారము అది పదిమంది నీరు. ఆమె పట్టుకొన్నది నాలుగైదు బిందెలు, అదియు పిల్లలు త్రాగిన నీరు. దొంగకు పేరుండెను గనుక శిక్ష పడెను. చీలికకు పేరు లేదు గనుక మన్నించితిమి. నోటీసు చట్టప్రకారము సరియే. అయినను ఆ రెండు కాగితములు మమ్ము నేటికిని విడువలేదు.

కారిన నీరు భూమిలోనికే గదా పోవును, బావులూరును గదా యని మా మిత్రులొకరు వాదింతురు. కొంత నిజమే. కాని ఆ నీటిని మనము ఏమని అడిగి తెచ్చుకొంటిమి? 2018లో సుప్రీంకోర్టు కావేరి తీర్పులో కర్ణాటకకు హెచ్చించిన 14.75 టి.ఎం.సి.లలో 4.75 బెంగుళూరు అవసరములకని చెప్పెను. ఆ నీరు దిగువ రైతు పొలమునకు పోవలసినది. దప్పిక యని చెప్పి పొరుగువాని కుండనుండి తెచ్చుకొన్న నీటిని దారిలో ఒలకబోసి, నేల తడిసినది గదా యనినచో ఆ పొరుగువాడు ఒప్పుకొనునా? ఇంకొక సంగతి. చీలిక నీటిని బయటకు వదలుటతో ఆగదు. నీరు కట్టివేసిన వేళ గొట్టము ఖాళీయై, చుట్టునున్న మురికిని ఆ చీలికగుండనే లోనికి పీల్చుకొనును.

కనిపెట్టు ఉపాయములు లేకపోలేదు. ఊరిని చిన్న భాగములుగా విడదీసి, ఒక్కొక్కదాని మొదట మీటరు పెట్టి, రాత్రి రెండు మొదలు నాలుగు గంటల వరకు చూడవలెను. అందరు నిద్రించు వేళ గూడ మీటరు వడిగా తిరుగుచున్నచో ఆ నీటిలో చాలపాలు ఎవరి గొంతులోనికిని పోవుటలేదు. తరువాత ఇనుపకడ్డీ చెవికానించుకొని నడచువాడు ఆ చోటును విని పట్టును. టోక్యో నగరము కారుటను నూటికి మూడు నాలుగు పాళ్లకు దించుకొన్నది.

ఇది చదివి మేముగూడ ఇటీవల ఒక రాత్రి ఇంటిలోని నల్లులన్నియు కట్టి (కొళాయి అనుమాట మా పిల్లలకు వింతగా తోచును), దీపము పట్టుకొని మీటరు చూచితిమి. ముల్లు మెల్లగా తిరుగుచుండెను. మీటరునకు, సంపునకు నడుమ గొట్టము చీలియుండెను. పాతబిల్లులు తిరగవేయగా ఏడు నెలలనుండి యూనిట్లు పెరిగియున్నవి. చూడకయే కట్టుచు వచ్చితిమి. కచ్చేరీ లెక్కలో ఆ నీరు మూడవ గడిలోనిది కాదు. దానికి బిల్లు వేసిరి, మేము సొమ్ము చెల్లించితిమి. కనుక అది అమ్ముడుపోయిన నీరే.