ఇల్లాలికిచ్చాను

ఒక సంస్థానంలో ఒక రైతు చనిపోయే ముందు తాటాకు మీద వీలునామా రాయించాడు. తాటాకు మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలే అలవాటు ఆ రోజుల్లో లేదు. ‘పొలంతమ్ముడికిల్లాలికిచ్చాను’ అని ఒకే బిగిన రాసి ఉంది. కచేరీ లేఖకుడు దాన్ని ‘పొలం తమ్ముడికి, ఇల్లాలికి ఇచ్చాను’ అని చదివాడు. పొలం రెండు చెక్కలైంది. ఇంటి ఊసు లేదు కనుక వంశాచారం ప్రకారం అది తమ్ముడిదే అన్నారు. రైతు చెప్పింది వేరు: పొలం తమ్ముడికి, ఇల్లు ఆలికి. తాను సాగుచేయలేని సగం పొలం చేతబట్టుకుని ఆ ఇల్లాలు సత్రం అరుగు మీదికి చేరింది.

ఏడాది తిరిగాక సాక్షి ఒకడు వచ్చి అసలు సంగతి చెబితే దివాను తల పట్టుకున్నాడు. దఫ్తరంలో అలాంటి ఆకులు గదుల నిండా ఉన్నాయి. మర్నాడే చాటింపు వేయించాడు: ‘ఎంత కొత్త లేఖకుడైనా తప్పులేకుండా చదివేలా సూత్రాలు రాసిపెట్టేవారు కావాలి. ఐదేళ్ల పాటు తిండిగింజలు, ఉండటానికి ఇల్లు, దీపానికి నూనె సంస్థానం ఇస్తుంది. ఇంకే పనీ చెప్పం.’

ముందుగా ఒక పండితుడి శిష్యుడు వచ్చాడు. భుజం మీద శాలువా, చేతికి కంకణం.

“వ్యాకరణమంతా కంఠస్థమండి. దఫ్తరంలోని ఆకులన్నీ చదివి సందేహాలన్నీ తీర్చేస్తాను.”

“మొదట ఏ సందేహం తీరుస్తావు నాయనా?”

“గింజలు మంజూరయ్యాక ఆలోచిస్తానండి.”

తర్వాత ఒక కరణం కూతురు వచ్చింది. తండ్రికి చూపు ఆనక, కొన్నేళ్లుగా ఆకులన్నీ తనే చదివి వినిపిస్తోంది. బుట్టలోంచి మూడు కట్టలు తీసి దివాను ముందు పరిచింది.

“మొదటి కట్టలో సంధి దగ్గర తప్పు చదివినవి ఉన్నాయండి. ముందు మాట చివరి ఉకారం తర్వాతి అచ్చులో కలిసిపోయింది, లేఖకుడు పోల్చుకోలేదు. రెండో కట్టలోవి ఎలా చదివినా తీర్పు మారదు, వాటిని వదిలేయొచ్చు. ఈ మూడో కట్టకి నా దగ్గర సమాధానం లేదు. ఆకులో ఉన్నది చాలదు. ఆ మనిషికి ఇల్లుందా అని పక్క ఆకులు చూడాలి. ఆ ఊళ్లో ఆలి అంటారో పెళ్లాం అంటారో వెళ్లి వినాలి. గింజలు దీనికోసమే అడుగుతున్నాను.”

“నీ తప్పులు దిద్దేదెవరమ్మా?”

“దఫ్తరంలో పాత లేఖకుడు వెంకయ్య గారండి. ఆయన చెప్పబట్టే మొదటి కట్టలోంచి కొన్ని తీసేశాను.”

“అయితే మిగతావి ఒప్పుకున్నారన్న మాట.”

“లేదండి. అవీ తప్పేనంటారు. నేను కాదంటాను. ఇంకా తేలలేదు.”

దివాను వెంకయ్యను పిలిపించి ఆమెకు గురువుగా నియమించాడు. గింజలు ఆ వారమే కొలిపించాడు. శాలువా కుర్రవాడు ఊరుకోలేదు. ఉన్న పొలం తాకట్టుపెట్టి, దూరదేశంలో పేరుమోసిన తార్కికుడి దగ్గర చేరాడు. ఆ మహానుభావుడికి తాటాకుల గొడవ పట్టదు. కలిసినప్పుడల్లా దీవించి పంపేవాడు. మూడో ఏడు వడ్డీ పొలాన్ని మింగేసింది, కుర్రవాడు ఇంటిదారి పట్టాడు.

నీతి

దివాను గింజలిచ్చింది మూడో కట్టను చూసి. యంత్రానికి భాష నేర్పే కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో పీహెచ్‌డీకి డబ్బిచ్చేవాళ్లు ఈనాటికీ చూసేది దాన్నే. మార్కులు, సర్టిఫికెట్లు గుమ్మం దాకా తెస్తాయి. లోపలికి వెళ్లాక అడిగేది ఒకటే: నీకు అంతుపట్టనిది ఏమిటి, దాని దగ్గరికి ఎంతవరకు వెళ్లి ఆగావు?

కరణం కూతురు మొదలుపెట్టిన పని తెలుగుకు ఇంకా మిగిలే ఉంది. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు సరిపోతే తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు పడతాయి. పైగా ఇంగ్లిషే ఎక్కువగా చదివి పెరిగిన భాషా నమూనాలు మన మాటను అర్థంతో సంబంధం లేని చోట్ల ముక్కలు చేస్తాయి. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దేశంలో 8 కోట్లకు పైనే. యూనివర్సల్ డిపెండెన్సీస్ అనే బహుభాషా వాక్యసంపుటిలో మన వాక్యనిర్మాణాన్ని విప్పి చూపే ట్రీబ్యాంకులో ఉన్నవి 1,328 వాక్యాలు. హిందీకి పదహారు వేలకు పైగా ఉన్నాయి. ఆ కాసిని తెలుగు వాక్యాలూ వ్యాకరణ గ్రంథంలోంచి తీసిన ఉదాహరణలు. సంతలో బేరం, కోర్టులో వాంగ్మూలం, వాట్సాప్‌లో పోట్లాట వాటిలో కనబడవు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం 1962లోనే తెచ్చారు, 1971లో చేనేత పదాలది వచ్చింది. ఊళ్లు తిరిగి పోగుచేసిన ఆ మాటలు ఈనాటి యంత్రానికి ఎన్ని తెలుసో పరీక్షించి చూడటమే ఒక మంచి సిద్ధాంత వ్యాసానికి మొదలు కాగలదు. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ భాషా సాంకేతిక కేంద్రం ఉంది, ఆ పక్కనే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రం ఉంది. ఇంత దగ్గర్లో ఉన్నా మన పిల్లల్లో చాలామందికి ఇలాంటి చదువొకటి ఉందనే తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

డబ్బు సంగతి ఇళ్లలో దాచకుండా మాట్లాడుకోవాలి. అమెరికాలో ఎం.ఎస్.కి అప్పుచేసి పంపడం మనకు అలవాటైపోయి, పీహెచ్‌డీ అంటే ఇంకా పెద్ద అప్పనుకుంటారు. అది తప్పు. అక్కడి మంచి విశ్వవిద్యాలయాల్లో ఈ రంగంలో పీహెచ్‌డీకి సీటిస్తే మామూలుగా ఫీజు మాఫీ చేసి, పాఠం చెప్పినందుకో పరిశోధనలో సాయం చేసినందుకో నెలనెలా భత్యం ఇస్తారు. జర్మనీలో చాలాచోట్ల అది జీతమున్న ఉద్యోగం. మన దగ్గర పరిశోధకులకిచ్చే యూజీసీ జేఆర్‌ఎఫ్ భత్యం 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ 70,000తో మొదలై 80,000 దాకా వెళ్లేలా పెట్టారు. సాఫ్ట్‌వేర్ జీతంతో పోలిస్తే తక్కువే. ఐదేళ్లు ఒకే ప్రశ్న మీద కూర్చోవడానికి మాత్రం చాలుతుంది. సొంత ఖర్చుతో వచ్చి చేరమనే సీటు ఎంత పెద్ద పేరున్న చోటిదైనా ఒప్పుకోవద్దనే నేను చెబుతాను. మీ పని ఎవరికైనా కావాల్సిందైతే దానికి ఎవరో ఒకరు డబ్బు పెడతారు. ఈ ఏడాది దొరక్కపోతే పనిని పదునుపెట్టి మళ్లీ అడగొచ్చు.

గురువును వెతికేటప్పుడు ఏసీఎల్ ఆంథాలజీ తెరవండి. ఈ రంగంలోని వ్యాసాలు అందులో ఉచితం. ఎవరి ఇటీవలి పని మీ ప్రశ్నకు తగులుతోందో చూసుకుని వాళ్లకే రాయండి. రాసే ముందు రెండు వందల తెలుగు వాక్యాలు తీసుకుని, దొరికిన విశ్లేషణ పరికరంతో నడిపి, తప్పులను రకాలుగా విడదీయండి. ఏ రకమూ కాక మిగిలినవాటి గురించి అర పేజీ చాలు. తమ సొంత వ్యాసంలోని వాదనతో మీరెక్కడ విభేదిస్తున్నారో చెబితే మంచి గురువులు ఇంకా శ్రద్ధగా చదువుతారు.

జవాబు వచ్చి మాట కుదిరాక మొహమాటపడకుండా అడగాల్సినవి కొన్నున్నాయి. భత్యం ఎన్నేళ్లకు ఖాయం, వేసవి నెలల్లో వస్తుందా, సదస్సులకు ప్రయాణ ఖర్చు ఎవరిది, గురువు వేరే చోటికి వెళ్లిపోతే మీ సంగతేమిటి. అక్కడ ఇప్పుడు మూడో ఏడు, నాలుగో ఏడు చదువుతున్నవాళ్లతో విడిగా మాట్లాడండి. డబ్బు ఏ తేదీకి పడుతోందో, రాసింది చదివి ఇవ్వడానికి గురువుకు ఎన్నాళ్లు పడుతోందో వాళ్లకు తెలుస్తుంది.