పసిపిల్లలతో ప్రవాసము



మా ఆర్మూరునకు కొండయే గుర్తు. ఆ బండల నడుమ గుహలో నవనాథ సిద్ధేశ్వరుడు వెలసియున్నాడు. ఆరును మూరును కలిసి తొమ్మిది గనుక, తొమ్మండుగురు సిద్ధులున్న యూరు ఆర్మూరైనదని మా పెద్దలు చెప్పుదురు. ఒకచోట నిలువక దేశములు తిరుగుటయే నాథసిద్ధుల వ్రతము. అట్టివారి పేర వెలసిన యూరినుండి జనులు దేశాంతరములకు పోవుటలో వింత లేదు. పసుపు పండించు ఈ సీమలో ఎడారి దేశములకు ఎవరునూ పోని గ్రామము అరుదు.

పురాణము ముగించి లేచునపుడు యువదంపతులు నన్ను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యగారూ, రెండు మూడేండ్లకు పరదేశము పోవుచున్నాము. పసిపిల్లలను వెంట గొనిపోదుమా, తాతనాయనమ్మల కడ విడుతుమా? శాస్త్రమేమనును?" ఈ ప్రశ్నకు నేను చాలకాలము తప్పుగా ఉత్తరము చెప్పితిని. ఆ తప్పు మా యింటనే బయటపడినది.

ఇట్లు అడుగగలవారు భాగ్యవంతులని మొదట చెప్పవలెను. ఐక్య అరబ్బు దేశములలో 2019లో విధించిన నియమము ప్రకారము, నెలకు 4000 దిర్హములో, వసతి ఇచ్చినచో 3000 దిర్హములో జీతమున్నవారికే కుటుంబమును రప్పించుకొను వీలు కలిగినది. కూలికి పోయిన మన పల్లెలవారిలో అనేకులకు అది అందని మొత్తము. వారు బిడ్డల ముఖములను ఫోనులో చూచుకొని ఏండ్లు గడుపుదురు. పిల్లలను విడిచిపోయిన తండ్రులని వారిని నిందించు నాలుక ధర్మము నెరుగదు.

2023లో మా కుమారునికి అబుధాబిలో మూడేండ్ల ఉద్యోగము కుదిరినది. అప్పటికి మనుమరాలికి ఐదేండ్లు, మనుమనికి మూడు. వారిని మా కడ విడువుడని నేను పట్టుపట్టితిని. బోధాయనుడు పతనహేతువులను చెప్పుచు సముద్రయానమును మొదట పేర్కొనెను. ఆ వాక్యమును కోడలి యెదుట చదివితిని. ఆ బోధాయనుడే సముద్రయానము ఉత్తరదేశీయుల ఆచారములలో నొకటని చెప్పిన సంగతిని, సముద్రయానకుశలులు నిర్ణయించిన వడ్డీని మనువు అంగీకరించిన సంగతిని మాత్రము చదువలేదు. పండితుడు తనకు అక్కరలేని వాక్యమును ఎంత సులువుగా మరచునో చూడుడు. విమానము సముద్రమును తాకదు గదా యని మా కుమారుడు నవ్వెను. నాకు నవ్వు రాలేదు. "పాండవులు వనవాసమునకు పోవునపుడు బిడ్డలను వెంట గొనిపోయిరా?" అని అడిగితిని.

కోడలు వాదింపలేదు. "మామయ్యగారూ, మూడేండ్లకు పిల్లవాడు ఆరేండ్లవాడగును. ఆ మూడేండ్లను నాకు మరల ఎవరిత్తురు?" అని లోపలికి పోయెను.

ఆ రాత్రి నిద్రపట్టక వనపర్వమును తెరచితిని. వాదములో గెలుచుటకే తెరచితినని ఒప్పుకొనవలెను. పాండవులు బిడ్డలను విడిచిపోయిన మాట నిజమే. సుభద్రాభిమన్యులను కృష్ణుడు ద్వారకకును, ద్రౌపదీపుత్రులను ధృష్టద్యుమ్నుడు పాంచాలమునకును గొనిపోయిరి. ఏండ్లు గడచిన తరువాత కృష్ణుడు సత్యభామతో కామ్యకవనమునకు వచ్చినపుడు ద్రౌపదికి చెప్పినది పిల్లల ముచ్చటయే. వారికి మేనమామల యింట మనసు నిలువక ద్వారకకు చేరిరనియు, సుభద్ర వారిని కన్నతల్లివలె చూచుచున్నదనియు, ప్రద్యుమ్నుడు అస్త్రవిద్య నేర్పుచున్నాడనియు చెప్పెను. అన్నియు శుభవార్తలే. కాని వినుచున్న తల్లి ముఖమును నేను అంతకు పూర్వము ఎన్నడును తలచుకొనలేదు. తన బిడ్డలకు ఏ యింట మనసు నిలువలేదో ఆమె పరులనోట వినవలసివచ్చినది. పదుమూడేండ్లు ముగిసి అభిమన్యుని వివాహమునకు ఉపప్లావ్యములో ఆ ఐదుగురును వచ్చిరి. అటుపై యుద్ధము. యుద్ధాంతమున అశ్వత్థామ రాత్రివేళ శిబిరములో చొరబడి ఐదుగురిని వధించెను. ఆ తల్లి తన బిడ్డలతో గడిపిన దినములెన్ని? నలువదేండ్లు భారతము చెప్పిన నేను ఆ లెక్క వేయలేదు.

అప్పుడు నన్ను నేనే ప్రశ్నించుకొంటిని: నాకు కావలసినది పిల్లల క్షేమమా, పిల్లలా? తెల్లవారినపిమ్మట కోడలిని పిలిచి, గొనిపొమ్మంటిని.

అయితే గొనిపోవుటతో తీరదు. అగ్నిహోత్రి ఒంటరిగా ప్రయాణమైనచో అగ్నులు ఇంటనే యుండును, భార్య కాపాడును. దంపతులిరువురును కదలినచో అగ్నిని విడిచిపోరాదు. అరణులను అగ్నిపై కాచి, మంత్రముతో అగ్నిని వానిలోనికి ఎక్కించుకొని పోవుదురు. దీనికి సమారోపణమని పేరు. చేతులను కాచుకొని అగ్నిని తనలోనికే గ్రహించు విధానమును కలదు. బస చేసినచోట హోమవేళకు అగ్నిని మరల దింపవలెను. తాత్కాలికపు బస యని హోమము వాయిదా పడదు.

మన పిల్లల విషయమున జరుగుచున్న పొరపాటు ఇచ్చటనే యున్నది. "మూడేండ్లే గదా, తెలుగు, స్తోత్రములు తిరిగివచ్చి నేర్పుదుము" అందురు. తాత్కాలికము పెద్దలకు. మూడేండ్ల శిశువునకు ఆ మూడేండ్లే బాల్యము, అదియే ఊరు, అదియే ఇల్లు. మన రైతు పసుపును ఉడికించుటకు ముందే విత్తనపు కొమ్మును వేరుగా తీసి దాచును. ఉడికిన కొమ్ము మొలకెత్తదు.

తిరిగివచ్చుటయు నిశ్చయము కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో మారిషసు చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా పోయిన తెలుగువారిలో ఎందరో అచ్చటనే నిలిచిపోయిరి. వారి సంతతి నేటికిని రామభజనము చేయుచున్నది, సింహాద్రి అప్పన్నను కొలుచుచున్నది. వారు తిరిగివచ్చిన తరువాత నేర్పుదమని భజనను వాయిదా వేసియున్నచో ఏమి మిగిలెడిది?

ప్రయాణమునకు ముందు, 2023 వసంతపంచమినాడు, మనుమనికి బాసర సరస్వతీదేవి సన్నిధిలో అక్షరాభ్యాసము చేయించితిమి. మరుసటి యేడు అదే తిథిన, ఫిబ్రవరి 14న, అబుధాబిలో హిందూమందిరము ప్రారంభమైనది. అందు వేంకటేశ్వరస్వామి పద్మావతీసమేతుడై యున్నాడు. పిల్లలు అచ్చటికి పోవుచున్నారు, సంతోషమే. కాని గుడికి పోవుట వారమున కొకసారి. అన్నము దినమునకు రెండుసారులు. ఆ అన్నమువేళ తెలుగే మాటాడుడని మాత్రము కోరితిని. ఇంకేమియు కోరలేదు. మనుమరాలు బడిలో అరబ్బీ నేర్చి కుడినుండి ఎడమకు వ్రాయుచున్నదని విని మొదట ఉలికిపడితిని. పిదప, అక్షరము ఏ దిక్కున నడచినను అక్షరమే గదా యని ఊరడిల్లితిని.

ప్రతి ఆదివారము ఫోనులో గజేంద్రమోక్షమును కొంచెము కొంచెముగా చెప్పుచుంటిని. చక్రము వచ్చి మొసలిని ఖండించిన ఘట్టమున మనుమడు ఏడ్చెను. "మొసలికి ఆకలేసింది గదా తాతయ్యా!" అనెను. ఆ మొసలి దేవలుని శాపము పొందిన హూహూ అను గంధర్వుడని, వానికిని విముక్తి కలిగినదని చెప్పినగాని ఊరకుండలేదు. మా పురాణశ్రవణమునకు వచ్చు పెద్దలలో మొసలి గురించి అడిగినవాడు నేటివరకు లేడు.

2025 శ్రావణమాసములో వారు సెలవులకు వచ్చిరి. మనుమడు నన్ను చూచి తల్లి కొంగు చాటున దాగెను. రెండు దినములు నా దరికి రాలేదు. మూడవనాటి సాయంకాలము కొండ యెక్కుచుండగా తనంతట తానే నా వ్రేలు పట్టుకొనెను. సిద్ధేశ్వరుని గుహయెదుట కూర్చుంటిమి. ప్రవాసమునుండి తిరిగివచ్చిన తండ్రి పుత్రుని శిరస్సును పట్టుకొని మంత్రము జపించి ముమ్మారు మూర్కొనవలెనని ఆశ్వలాయనుడు విధించెను. ఇచ్చట ప్రవాసమునుండి వచ్చినవాడు పిల్లవాడు, కూర్చున్నవాడు తాత. అయినను వాని శిరస్సును పట్టుకొని మంత్రము చెప్పితిని. మనుమరాలు "నాకో?" అని తల వంచినది. ఆడుబిడ్డకు మంత్రము లేక క్రియ మాత్రమే యని సూత్రము. నేను ఆమెకును మంత్రము చెప్పితిని. సూత్రకారుడు క్షమించుగాక.