నమ్మని చెవికి కీర్తన

సంగీతాభిమానులు నలుగురు చేరితే మాట ఎక్కడ మొదలైనా పోలికల్లోకి దిగుతుంది. మొన్నటి కచేరీలో తోడి ఎలా పండింది, అదే కృతిని పాత రికార్డులో ఎవరు ఎంత నిదానంగా నడిపించారు, 1980 నాటి ‘శంకరాభరణం’ పాటలు శాస్త్రానికి ఎంతవరకు నిలుస్తాయి, 1997 నాటి ‘అన్నమయ్య’లో కీరవాణి సంకీర్తనలకు న్యాయం చేశారా, ఈమధ్య వచ్చిన సినిమాల్లో ఆ స్థాయి పాట ఒక్కటైనా ఉందా. గంటలు గడుస్తాయి. వాళ్లు తూకం వేస్తున్న పాటల్లో చాలావరకు రాముడినో కృష్ణుడినో వేంకటేశ్వరుడినో పిలిచినవే, అయినా దేవుడి ప్రస్తావన ఆ మాటల్లో ఒక్కసారి కూడా రాకపోవచ్చు. ఆ నలుగురిలో ఒకరికి దేవుడి మీద నమ్మకమే లేకపోవచ్చు. ఇది చూసి కొందరు భక్తులు నొచ్చుకుంటారు. ఆ నమ్మకం లేని వ్యక్తికి కూడా, నిజాయితీపరుడైతే, లోపల ఒక సందేహం ఉంటుంది: ఈ పాట నాకు నిజంగా దక్కిందా, పైపై మెరుగు మాత్రమే చూసి వస్తున్నానా అని. ఈ సందేహానికి జవాబు వెతకాలి. దక్కుతుందనీ, కొరత లేకుండా పూర్తిగా దక్కుతుందనీ నా అభిప్రాయం. అయితే అతనికి దక్కేది భక్తి కాదు. దక్కేది, భక్తుడి లోపల ఏం జరుగుతుందో లోపలి నుంచే తెలిసే ఎరుక. ఈ రెంటినీ కలిపేయడం వల్లనే ఇరువైపులా ఇన్ని అపార్థాలు.

పాటలోని తీపి పాటలోని దేవుణ్ని మరిపిస్తుందేమోనన్న భయం చాలా పాతది, ఏ ఒక్క మతానికీ సొంతం కాదు. నాలుగో శతాబ్దం చివర సెయింట్ అగస్టిన్ తన ఆత్మకథ పదో అధ్యాయంలో ఈ బాధను దాచుకోకుండా చెప్పుకున్నాడు. పాడిన విషయం కన్నా పాడిన తీరు తనను ఎక్కువ కదిలించినప్పుడల్లా పాపం చేసినట్టే భావించానని, అప్పుడు ఆ పాట వినకపోతేనే బాగుండేదనిపించిందని రాశాడు. అదే మనిషి, కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన రోజుల్లో చర్చిలో గీతాలు విని కన్నీళ్లు పెట్టుకున్న సంగతిని కూడా గుర్తు చేసుకుని, ఎటూ తేల్చుకోలేకపోయాడు. మన త్యాగరాజు ధన్యాసి రాగంలో చేసిన ప్రసిద్ధమైన కృతిలో, భక్తి లేని సంగీత జ్ఞానం మనిషిని మంచి దారికి చేర్చదని తేల్చేశాడు. సంగీతం తెలిసినవాళ్లే, అందులో మునిగి తేలినవాళ్లే ఈ మాట అన్నారు కాబట్టి దీన్ని తేలిగ్గా తోసేయడానికి వీల్లేదు.

ఇంత బరువైన అనుమానం ముందు మన ఆలంకారికుల మాట వినడం మంచిది. వాళ్లు ఈ చిక్కును వెయ్యేళ్ల కిందటే విప్పడం మొదలుపెట్టారు. దేవుడి మీద ప్రేమ రసం కాదు, భావమేనని పదకొండో శతాబ్దంలో మమ్మటుడు కావ్యప్రకాశంలో తీర్మానించాడు. భక్తులకు ఇది చిన్నచూపుగా తోచవచ్చు. కానీ అతనికి కొంత ముందు కాశ్మీరంలో అభినవగుప్తుడు రసానికి అడ్డొచ్చే విఘ్నాలను లెక్కపెడుతూ చెప్పిన ఒక సంగతి మన ప్రశ్నకు నేరుగా తగులుతుంది. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాల్లో కూరుకుపోయి ఉంటే రసం అందదని ఆయన అంటాడు. నాది, పరాయివాడిది అన్న హద్దు కరిగినప్పుడే అనుభవం అందరిదీ అవుతుంది. దీన్ని కీర్తనకు అన్వయించి చూడండి. కొడుక్కి ఉద్యోగం రావాలని మొక్కుకుని వచ్చి కచేరీలో కూర్చున్న భక్తుడికి రాముడి పేరు వినగానే తన మొక్కు గుర్తుకొస్తే, అతని విశ్వాసమే ఆ క్షణాన పాటకు అడ్డం నిలుస్తుంది. అడగడానికి ఏమీ లేని అవిశ్వాసికి ఆ అడ్డు లేదు. భక్తుడు తక్కువవాడని దీని అర్థం కాదు. పాట వినడానికి కావలసిన సంసిద్ధత, ప్రార్థనకు కావలసిన సంసిద్ధత ఒకటి కావని మాత్రమే.

ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం మన క్షేత్రయ్య దగ్గర ఉంది. మువ్వగోపాలుడి కోసం ఎదురుచూసే నాయిక, అలిగిన నాయిక, మోసపోయి సఖితో మనసు విప్పే నాయిక, వేశ్యామాత అదుపులో ఉన్న నాయిక, ఇలా ఆయన పదాల్లో మాట్లాడే గొంతులు దాదాపు అన్నీ ఆడవాళ్లవి. వాటిని మూడు వందల ఏళ్లు కాపాడింది దేవదాసీలు, వాళ్ల వంశాలు. వీణ ధనమ్మాళ్ కుటుంబం, ఆమె మనవరాళ్లు బృంద, ముక్త పాడకపోతే చాలా పదాలు కాగితం మీద మాటలుగా మిగిలేవి. ఇప్పుడు వాటిని వింటున్నవాళ్లలో ఆ నాయిక బతుకు బతికినవాళ్లు ఎవరున్నారు? పెళ్లయిన మగవాడు, ఎన్నడూ ఏ గోపాలుడికీ తలుపు తీసి ఎదురుచూడనివాడు, ముఖారి పదం విని ఆమె అలకలోని అవమానాన్ని పోల్చుకోగలుగుతున్నాడు. అతనికి ఆ పదం దక్కలేదని ఏ రసికుడూ అనడు. నాయిక కానివాడికి నాయిక మనసు అందుతుందని ఒప్పుకున్నాక, భక్తుడు కానివాడికి భక్తుడి మనసు అందదనడానికి ఏ ఆధారమూ మిగలదు.

భద్రాచల రామదాసును చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. కంచెర్ల గోపన్న పదిహేడో శతాబ్దంలో, తానీషా కాలంలో, పాల్వంచ పరగణాకు తహసీల్దారు. ఖజానాకు చేరవలసిన సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని గోల్కొండ కోటలో బంధించారు. పన్నెండేళ్లు ఉంచారని సంప్రదాయం చెబుతుంది. ఆ చెర నుంచి వచ్చినవిగా చెప్పుకునే కీర్తనల్లో ఒకదానిలో అతను రాముడికి లెక్క అప్పజెబుతాడు. సీతమ్మకు ఏం చేయించాడో, భరతుడికి ఏం చేయించాడో, ఒక్కొక్క నగకు ఎంతైందో వరసగా చెప్పి, ఎవరి సొమ్మని కులుకుతున్నావని నిలదీస్తాడు. ఆ వెంటనే, దెబ్బలు తట్టుకోలేక తిట్టానని, కోపం తెచ్చుకోవద్దని వేడుకుంటాడు. ఈ కొద్ది చరణాల్లో ఉన్నదేమిటి? ఒక ఉద్యోగి జమాఖర్చు, నమ్మినవాడు పలకకపోతే వచ్చే ఉక్రోషం, నోరు జారాక వచ్చే భయం, ఆ భయం అడుగున ఇంకా తెగని చనువు. తిట్టడానికి ఎదురుగా ఒకడు ఉండాలి. వాడు జవాబివ్వడని తెలిసీ తిడుతూ ఉండాలంటే వాడి మీద ఎంత పట్టు ఉండాలో ఆ కీర్తన తప్ప మరే వ్యాఖ్యానమూ చెప్పలేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో రామదాసు కీర్తనలు రికార్డులుగా ఇల్లిల్లూ తిరిగాక, ఈ ఎరుక గుడి మెట్లెక్కనివాళ్లకు కూడా అందింది. వాళ్లలో ఎందరు భక్తులయ్యారో నాకు ముఖ్యం కాదు. భక్తిని బలహీనుల భ్రమ అని కొట్టిపారేయడం మాత్రం, ఆ కీర్తన శ్రద్ధగా విన్నవాడికి ఇక సాధ్యం కాదు. అందులో ఉన్న మనిషి బలహీనుడూ కాడు, భ్రమలోనూ లేడు.

దీనికి గట్టి ప్రతివాదం గౌడీయ వైష్ణవుల నుంచి వస్తుంది. 1541లో రూప గోస్వామి ‘భక్తిరసామృతసింధువు’ పూర్తి చేశాడు. మమ్మటుడు భావమన్నదాన్ని ఆయన రసాలన్నిటికీ మూలంగా నిలబెట్టాడు, దానితోపాటు ఒక షరతు పెట్టాడు: భక్తి వాసన ముందే ఉన్న మనసుకే ఈ రసం అందుతుంది, ఎండు తర్కంతో బతికేవాడికి దీని రుచి తెలియదు. షరతు న్యాయమైనదే, మన ప్రశ్నకు వర్తించనిది కూడా. ఆయన మాట్లాడుతున్నది భక్తుడు జీవితమంతా పొందే ఆనందం గురించి. పాట వల్ల అవిశ్వాసికి ఆ ఆనందం మొత్తం వచ్చేస్తుందని నేనూ అనడం లేదు. కానీ వాసన అన్నది విశ్వాసంతోనే పుడుతుందా? చిన్నప్పటి నుంచి వింటూ వచ్చిన భాష, అమ్మ మీద బెంగ, ఎవరికోసమో కాచుకున్న సాయంత్రాలు, ఇవన్నీ భక్తికి ముడిసరుకు. అవి అందరికీ ఉన్నవే. అందుకే యవ్వనంలో బ్రహ్మసమాజ ప్రభావానికి లోనైన దేవులపల్లి కృష్ణశాస్త్రి ‘భక్త తుకారాం’ కోసం రాసిన పాటను ఘంటసాల పాడితే, అందులో అరువు తెచ్చుకున్న భక్తి ఎవరికీ వినిపించలేదు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం వాయించారు. ఆయన ముస్లింగానే జీవించారు. ఆయన ఊదిన రాగంలో కొరత వెతికినవాళ్లు లేరు.

మరోవైపు నుంచి ఇంకో అభ్యంతరం వస్తుంది, నాకు ఇదే ఎక్కువ ప్రమాదకరంగా కనిపిస్తుంది. నమ్మకం అక్కర్లేకపోతే దేవుడు కూడా అక్కర్లేదు కదా, రాగమే చాలు, మాటలు స్వరాలను వేలాడదీసే కొక్కేలే అనేది ఆ వాదం. తమిళనాట సభల్లో తెలుగు రానివాళ్లు త్యాగరాజును తరతరాలుగా విని ఆనందిస్తున్నారని రుజువు కూడా చూపుతారు. వాళ్ల ఆనందం నిజమే, తమిళులు ఆ సంగీతాన్ని నిలబెట్టిన తీరుకు తెలుగువాళ్లం రుణపడి ఉన్నాం. అయినా పదం ఎక్కడ విరగాలో తెలియక అర్థం రెండు ముక్కలైన సంగతి విన్న ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది. త్యాగరాజు కృతి ఒక సంభాషణలో సగం. ఎవరితో మాట్లాడుతున్నాడో తీసేస్తే గొంతు ఎందుకు అలా వంగుతోందో, అనుపల్లవిలో ఎందుకు అలా పైకి లేచిందో తెలియదు. రాముడు బయట ఉన్నాడా లేడా అన్నది వినేవాడు తేల్చుకోకపోయినా ఫరవాలేదు. పాటలో మాత్రం ఆయన ఉండి తీరాలి. కాబట్టి కీర్తన పూర్తిగా దక్కడానికి షరతు ఏదైనా ఉంటే, విశ్వాసం కన్నా ముందు మాట తెలియడం, ఆ మాటకు ఒదిగి వినడం. తెలుగు వచ్చిన నాస్తికుడు చెవి ఒగ్గి వింటే త్యాగరాజుకు అతనే దగ్గరివాడు, పాట పెట్టి పేపరు చదువుకునే ఆస్తికుడి కన్నా.

అభిమానుల పోలికలను నేను సమర్థించేది కూడా ఇందుకే. ఏ గాయకుడు ఏ సంగతిని ఎక్కడ వదిలాడని వాదించుకోవడం భక్తిని మరచిన కాలక్షేపమని కొందరు అంటారు. అన్నమయ్య సంగతి తీసుకుంటే ఆ మాటలో న్యాయం ఎంతో తెలుస్తుంది. తిరుమల భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీద సంకీర్తనల మాటలున్నాయి, రాగాల పేర్లున్నాయి, స్వరాలు లేవు. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివాళ్లు సాహిత్యాన్ని వెలికితీశాక, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివాళ్లు వాటికి వరసలు కట్టారు. 1503లో కన్నుమూసిన కవి పాటగా మనం కళ్లు చెమర్చి వినే వరస చాలాసార్లు ఇరవయ్యో శతాబ్దపు మనిషి చేసినది. ఆ చరణానికి ఆ రాగం తగిందా, ఈ మాట దగ్గర ఆగడం సబబా అని తర్కించినవాళ్లు లేకపోతే ఆ భక్తి మన చెవిదాకా వచ్చేదే కాదు. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి రికార్డుగా ఇచ్చిన వేంకటేశ్వర సుప్రభాతం లక్షల ఇళ్లలో తెల్లవారుజామున మోగుతుంది. అది మోగుతుండగా పళ్లు తోముకునేవాళ్ల భక్తిని నేను శంకించను, ఆ అలవాటుకు దాని విలువ దానికి ఉంది. కానీ ఒక గమకం కోసం రికార్డును పదిసార్లు వెనక్కి తిప్పి వినేవాడి శ్రద్ధను అపవిత్రం అనడం అన్యాయం.

ఈ ఎరుక భక్తితో సమానమని మాత్రం చెప్పలేను. కచేరీ ముగిశాక రసికుడు ఇంటికి వెళ్లిపోతాడు, రామదాసు చెరలో ఉండిపోయాడు. బెంగళూరు నాగరత్నమ్మ 1920ల్లో తన సంపాదన పోసి తిరువయ్యారులో త్యాగరాజుకు సమాధి మందిరం కట్టించింది. ఆడవాళ్లను ఆరాధనలో పాడనివ్వని రోజులవి. ఆమె దగ్గర ఉన్నది రసానుభవం ఒక్కటే అయితే ఆ పని జరిగేది కాదు. త్యాగరాజు ధన్యాసి కృతిలో చెప్పింది ఈ తేడానేనని నేను అర్థం చేసుకుంటాను. ఆయన అడుగుతున్నది మనిషి ఎటు నడుస్తున్నాడని, పాట ఎంత అందిందని కాదు. నడకను కొలిచే ఆ గీటురాయి మీద విశ్వాసి కూడా నిలబడి చూపాలి కాబట్టి, దాన్ని పట్టుకుని పరాయివాణ్ని సభ బయట ఉంచడం కుదరదు. 2018లో కర్ణాటక విద్వాంసులు క్రైస్తవ గీతాలు పాడబోతున్నారని తెలిసి బెదిరింపులు వచ్చాయి, ఒక గాయకుడు కచేరీ మానుకోవలసి వచ్చింది. గురువాయూరప్పన్ మీద ఎన్నో పాటలు పాడిన ఏసుదాసుకు గురువాయూరు గుడిలోకి ప్రవేశం లేదు, ఆ పాటలు మాత్రం భక్తుల ఇళ్లలో మోగుతూనే ఉన్నాయి. ఈ కంచెలు కట్టేవాళ్లు భక్తిని కాపాడుతున్నామనుకుంటారు. వాళ్లు నిజంగా చేస్తున్నది భక్తి ఎలా ఉంటుందో ఇతరులకు తెలిసే ఒకే ఒక్క దారిని మూసేయడం. ఇది నన్ను బాధిస్తుంది.

నమ్మకం లేకుండా విన్నది ఎటు తీసుకెళుతుందన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. దీనికి భాగవతంలో ఒక ఆధారం ఉంది. ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో శ్రవణం మొదటిది. అతను స్వయంగా విన్నది తల్లి కడుపులో ఉండగా, నమ్మడానికీ నమ్మకపోవడానికీ వీలులేని స్థితిలో. నారదుడు అప్పుడు చెప్పింది ఎదురుగా ఉన్న తల్లికి, కడుపులోని బిడ్డకు కూడా. ఇద్దరూ అదే మాట విన్నారు. కాలం గడిచాక తల్లి మరచిపోయిందనీ, తనకు మాత్రం గుర్తుండిపోయిందనీ ప్రహ్లాదుడే తన తోటి పిల్లలకు చెబుతాడు. మరచిపోయినందుకు ఆమెను అతను నిందించడు, విన్న అర్హతను ప్రశ్నించడు. ఎవరికి నిలిచిపోతుందో నారదుడు ముందుగా విచారించి చెప్పినట్టు కూడా కథలో ఎక్కడా లేదు.