తోడొచ్చిన ప్రాణిని వదలొచ్చా?



మన కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు మంచు కురవదు. పుష్యమాసం చలికి చేతులు కొంకర్లు పోతయి, తెల్లారగట్ల నెగడు చుట్టూ మనుషులు కూసుంటరు, చెరువు కట్టల మీద పొగమంచు దిగుతది. అంతే మన చలికాలం. ఆ నెగడు పక్కన మనుషులతో పాటు ఒక కుక్క కూడా ముడుచుకొని పడుకుంటది. గొల్ల కురుమలు గొర్ల మంద తోలుకొని పోతుంటే వెంట కుక్క పోతది. చెరువు కాడ గొర్లు నీళ్లు తాగినంక అదీ తాగుతది. దానికి జీతం లేదు, కూలి ఒప్పందం లేదు. మనిషి నడిచాడు కాబట్టి అదీ నడిచింది.

ఈ వ్యాసంలో ఒక్కటే ప్రశ్న. మనల్ని నమ్ముకొని మన వెంట నడిచిన ప్రాణిని, మనకు పై మెట్టు దొరికిన రోజు వదిలిపెట్టొచ్చా? చిన్న ప్రశ్నలాగే కనిపిస్తది. కానీ దీన్ని పట్టుకొని పోతే వీధికుక్కల గొడవ దగ్గరికి, మహాడ్ చెరువు దగ్గరికి, చివరికి చదువుకొని పైకొచ్చిన మన ఇంటి గుమ్మం దగ్గరికే చేరుతాం.

మంచుకొండ మీది కథ

మంచుకొండ, కుక్క అనగానే మనోళ్లకు మొదట గుర్తొచ్చేది ధర్మరాజు. మహాభారతం పదిహేడో పర్వంలో పాండవులు రాజ్యం వదిలి హిమాలయాల దారి పడతారు. ఒక కుక్క వెంట వస్తది. దారిలో మొదట ద్రౌపది పడిపోతుంది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు ఒక్కొక్కరే పడిపోతారు. ధర్మరాజు వెనక్కి చూడకుండా నడుస్తాడు. చివరికి ఇంద్రుడు రథం తెచ్చి, స్వర్గంలో కుక్కకు చోటు లేదు, దాన్ని వదిలి ఎక్కమంటాడు. ధర్మరాజు ఒప్పుకోడు. భార్యను, తమ్ముళ్లను వదిలినవాడివి కుక్కను వదలలేవా అని ఇంద్రుడు అడిగితే, చనిపోయినవాళ్లను నేను బతికించలేను, బతికుండగా వాళ్లను వదల్లేదు, ఇది బతికుంది, నన్ను నమ్ముకుంది అనే అర్థంలో జవాబిస్తాడు.

ఈ జవాబులో మంచి ఉంది. మంచి ఎక్కడున్నా తీసుకోవాలి. కానీ ధమ్మం తెలిసినవాళ్లు రెండు మాటలు అడగాలి.

ఒకటి. ఒక్కొక్కరు పడిపోయినప్పుడు భీముడు కారణం అడిగితే, ధర్మరాజు పడినవాళ్ల తప్పు చెప్తాడు. ద్రౌపదికి అర్జునుడి మీద పక్షపాతమని, సహదేవుడికి తెలివి గర్వమని, నకులుడికి అందం గర్వమని. పడిపోయినవాళ్ల దగ్గర తప్పుల లెక్క ఎందుకు? వినయపిటకంలో ఒక సంఘటన ఉంది. ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. సంఘానికి ఏ పనీ చేసిపెట్టడని తోటి భిక్షువులు అతన్ని పట్టించుకోరు. బుద్ధుడు ఆనందుడితో నీళ్లు తెప్పించి, ఇద్దరూ కలిసి అతన్ని కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెడతారు. తనకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి సేవ చేయాలని తర్వాత సంఘానికి చెప్తాడు. ఎందుకు పడిపోయాడని బుద్ధుడు విచారణ పెట్టలేదు. ముందు నీళ్లు తెప్పించాడు.

రెండు. కథ చివర ఆ కుక్క ధర్మదేవత అయిపోతుంది. అంటే అది దేవుడు పెట్టిన పరీక్ష. మరి అది దేవత కాకుండా ఉత్త కుక్కే అయి ఉంటే? అప్పుడు ధర్మరాజు చేసిన పని విలువ తగ్గుతదా? ధమ్మం ప్రకారం తగ్గదు. చలికి వణుకుతున్న ప్రాణి లోపల దేవుడు దాగి ఉండాల్సిన పని లేదు. దానికి ఆకలి ఉంది, భయం ఉంది, బతకాలనే ఆశ ఉంది. కరుణకు ఆ కారణం చాలు.

బుద్ధుడు చెప్పిన కుక్క కథ

జాతక కథల్లో కుక్కుర జాతకం అని ఒకటుంది. కాశీలో రాజు రథం తోలు పట్టీలు ఒకరోజు వానకు తడుస్తయి. వాటిని రాజభవనంలో పెంచే జాతికుక్కలే రాత్రి కొరికి తింటయి. సేవకులు మాత్రం బయటి కుక్కలు తూములోంచి వచ్చి తిన్నయని చెప్తారు. కనిపించిన కుక్కనల్లా చంపమని రాజు ఆజ్ఞ ఇస్తాడు. చావు తప్పించుకున్న కుక్కలు శ్మశానంలో ఉన్న తమ నాయకుడి దగ్గరికి పోతయి. ఆ నాయకుడే బోధిసత్వుడు. ఆయన ఒంటరిగా రాజసభకు పోయి అడుగుతాడు: అన్ని కుక్కలనూ చంపుతున్నారా? భవనంలోవి తప్ప అంటాడు రాజు. అది న్యాయం కాదు, పక్షపాతం అని బోధిసత్వుడు చెప్పి, భవనం కుక్కలకు మజ్జిగలో గడ్డి కలిపి తాగించమంటాడు. అవి తోలు ముక్కలు కక్కుతయి. నిజం బయటపడుతది.

ఇందులో నీతి కుక్కలను ప్రేమించమనే వరకే ఆగదు. నేరం ఎవరిదో తేల్చకుండా శిక్ష ఎప్పుడూ బయటోళ్ల మీదే ఎందుకు పడుతదని అడుగుతుంది. భవనంలో తప్పు జరిగితే శ్మశానం పక్కన బతికేవాళ్లను వెతుక్కుంటూ వస్తారు. ఇది మన వాడలకు కొత్త సంగతా?

భయం కూడా నిజమే

ఇక్కడ కొందరు కోపంగా అడుగుతరు. మీకు మాటలు తేలిక, కుక్క కరిచింది మా పిల్లలను కదా అని. ఆ కోపాన్ని కొట్టిపారేయొద్దు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేసినయి. ఆ తండ్రి నిజామాబాద్ జిల్లా నుంచి బతుకుదెరువుకు పోయి కాపలా పని చేసుకునే మనిషి. కారులో తిరిగేవాళ్లను కుక్కలు తరమవు. నడిచిపోయే కూలీని, బయట ఆడుకునే పేద పిల్లలను తరుముతయి. రేబిస్ లక్షణాలు బయటపడితే దాదాపుగా బతకడం ఉండదు. కరిచిన వెంటనే 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో గాయం కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి. పసుపు, కారం, పసరు పెట్టొద్దు.

కరుణకు ప్రజ్ఞ తోడు కావాలని బౌద్ధం అంటది. విషం పెట్టి చంపితే ఏమైతది? ఆ జాగాలోకి పక్క నుంచి కొత్త కుక్కలొస్తయి, టీకా వేసినవి పోయి వేయనివి మిగులుతయి, మాంసం దుకాణాల వెనక చెత్తకుప్ప అట్లనే ఉంటది. ఊళ్లో 70 శాతం కుక్కలకు టీకా వేస్తే రేబిస్ గొలుసు తెగుతదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా చేయించే బాధ్యతను 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు స్థానిక సంస్థల మీద పెట్టినయి. కాబట్టి గ్రామసభలో అడగాల్సింది విషం గురించి కాదు, ఆపరేషన్‌కు పైసలు ఎక్కడ, చెత్త ఎత్తేది ఎవరు అని.

మహాడ్ చెరువు ఏం చెప్పింది?

ఇంకో ప్రశ్న మనోళ్ల నుంచే వస్తది, ఇదే బరువైన ప్రశ్న. కుక్కలు తాగే చెరువులో మా తాతలను తాగనియ్యలేదు, ఇప్పుడు మమ్మల్నే కుక్క మీద దయ చూపమంటరా?

నిజమే. బొంబాయి శాసనమండలి 1923లోనే ప్రభుత్వ చెరువులు, బావులు అంటరానివాళ్లకు తెరవాలని తీర్మానించింది. మహాడ్ పురపాలక సంఘం కూడా ఒప్పుకుంది. అయినా చవదార్ చెరువు దగ్గరికి వాళ్లు పోలేకపోయారు. పశువులకు అడ్డు లేదు, మనుషులకే అడ్డు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేల మందితో నడిచిపోయి ఆ నీళ్లు తాగాడు. ఆ తర్వాత మనోళ్ల మీద దాడులు జరిగినయి, చెరువును శుద్ధి చేసినమన్నరు, కేసు వేసిన్రు. 1937లో గాని హైకోర్టులో గెలుపు రాలేదు.

ఇప్పుడు నెమ్మదిగా ఆలోచించండి. ఆ చెరువు కాడ అన్యాయం ఏది? కుక్క తాగడమా, మనిషిని ఆపడమా? కుక్క తాగిన నీళ్లతో మన దాహం పెరగలేదు. అక్కడ దోషం అడ్డు నిలబడ్డ మనిషిది. బాబాసాహెబ్ ఆ చెరువుకు పోయింది కుక్కను తరమడానికి కాదు, అడ్డు తీసెయ్యడానికి. నిచ్చెనలో మన కింద ఇంకొక మెట్టు వెతుక్కొని దాన్ని తొక్కితే, ఆ నిచ్చెన కట్టినోళ్ల పనే మనం చేసినట్టు. కుక్కను పూజించి మనిషిని తరిమేది కరుణ కాదు. మనిషిని తరిమిన్రు కాబట్టి కుక్కనూ తరుముదామనేది కూడా కాదు.

తాడ్వాయి నుంచి ఎవరెస్టు దాకా

మన జిల్లా నుంచి నిజంగా మంచుకొండ ఎక్కిన అమ్మాయి ఉంది. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో పుట్టిన గిరిజన బిడ్డ, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. 2014 మే 25న, 14 ఏళ్లు ఇంకా నిండకముందే, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆ యాత్రలో తోటివాడు. భువనగిరి గుట్ట మీద మొదటి శిక్షణ, తర్వాత డార్జిలింగ్, లడఖ్. వెనుక శేఖర్ బాబు వంటి శిక్షకులు, గురుకులాల వ్యవస్థ, దారిలో షెర్పాలు. ఆ కొండ మీద ఎవరూ ఒంటరిగా ఎక్కరు. తాడు కట్టినోడొకడు, ఆక్సిజన్ సిలిండర్ మోసినోడొకడు, కింద అన్నం వండినోడొకడు.

మనలో చదువుకొని ఉద్యోగం సంపాదించిన ప్రతి ఒక్కరూ అట్ల ఎక్కినవాళ్లే. అమ్మ కలుపు కూలి, అక్క ఆపేసుకున్న బడి, హాస్టల్ బియ్యం, రిజర్వేషన్ కోసం కొట్లాడినోళ్ల జైలు. పైకి చేరినంక మన ముందుకూ ఒక రథం వస్తది. ఒక్కొక్కరికి ఒక్కో రూపంలో: నగరంలో ఫ్లాటు, కులం అడగని కాలనీ, ఊరి పేరు చెప్పనవసరం లేని జీవితం. ఒక్కటే షరతు, వెంట వచ్చినవాళ్లను కింద వదిలి ఎక్కాలి. నేను ఇక్కడ మనవాళ్లను కుక్కతో పోల్చడం లేదు. రెండు చోట్లా ఒకటే ఉన్న నమ్మకం గురించి, తోడు గురించి చెప్తున్న. 1956 మార్చి 18న ఆగ్రాలో బాబాసాహెబ్ బాధపడ్డది చదువుకున్నవాళ్లు సమాజాన్ని మరిచిపోయిన్రనే.

ఈ చలికాలంలో మూడు పనులు చేద్దాం. ఊళ్లో గురుకులం ప్రవేశ పరీక్ష రాయాల్సిన ఒక బిడ్డను ఎంచుకొని, దరఖాస్తు నుంచి పుస్తకాల దాకా మనమే చూసుకుందాం. వీధికుక్కల టీకా, చెత్త సంగతి గ్రామసభలో రాతపూర్వకంగా అడుగుదాం. రాత్రి నెగడు ఆర్పేముందు, పక్కన పడుకున్నది మనిషైనా కుక్కైనా, దానికి చలి ఎట్ల ఉందో ఒకసారి చూద్దాం. మైత్రి భావన కళ్లు మూసుకొని చేసేదే గాని, కళ్లు తెరిచినంకే దానికి పని.

భవతు సబ్బ మంగళం.