రాకుమారుడి రథం, మనవాడి చలానా

అతివేగం చలానా మెసేజ్ వచ్చేది బండి నడిపినవాడికి కాదు, బండి ఎవరి పేర ఉంటే వాళ్ళకి. చాలా ఇళ్ళలో అది నాన్న. ఆయన ఆఫీసులో ఏదో పనిలో ఉండగా ఫోన్ మోగుతుంది. మెసేజ్‌లో లింకు నొక్కకుండా నేరుగా పోలీసు వెబ్‌సైటులోకి వెళ్ళి (దొంగ చలానాలు, ఏపీకే ఫైళ్ళు తిరుగుతున్న రోజులు, అలాగే వెళ్ళాలి) బండి నంబరు కొడితే ఫోటో తెరుచుకుంటుంది. మన కారే. నంబరు ప్లేటు, తేదీ, టైము, చోటు, ఆ రోడ్డు మీద ఎంత వేగం వెళ్ళొచ్చో, బండి తోలిన మన పిల్లాడు ఎంత వెళ్ళాడో అన్నీ ఉంటాయి. తెలంగాణలో అయితే జరిమానా 1,000 రూపాయలు, పైన యూజర్ ఛార్జీలు 35. వాహనపూజ రోజున వెనకద్దానికి అంటించిన అమ్మవారి స్టిక్కరు కూడా ఆ ఫోటోలో స్పష్టంగా కనబడుతుంది.

సాయంత్రం ఇంట్లో పంచాయితీ. పిల్లాడు ముందు లా పాయింటు తీస్తాడు. “నాన్నా, ఔటర్ రింగురోడ్డు మీద 120 వెళ్ళొచ్చు కదా!” “మొదటి రెండు లేన్లలోరా. నువ్వు మూడోదాంట్లో ఉన్నావు. అక్కడ 80.” అమ్మ మధ్యలో వస్తుంది. “పోనిద్దురూ, కట్టేసి ఊరుకోండి. లైసెన్సు వచ్చి నాలుగు నెలలు కాలేదు, వాడు బెదిరిపోతాడు.” సోఫాలో కూర్చున్న బాబాయి మాత్రం ఫోన్ అందుకుని ఫోటో పెద్దది చేసి చూస్తూ, “అబ్బో, 112 కొట్టావురా!” అని మురిసిపోతాడు.

ఈ నలుగురిలో నాకు ఎక్కువ భయం వేసేది బాబాయిని చూస్తేనే. చేసినవాడు, చేయించినవాడు, ఉసిగొల్పినవాడు, చూసి మెచ్చుకున్నవాడు నలుగురికీ పుణ్యంలోనూ పాపంలోనూ సమానవాటా అని మన పెద్దలు లెక్క కట్టారు. ఆ లెక్కన ఆ చలానాలో నాలుగోవంతు బాబాయిది.

వేగం గురించి ఆధ్యాత్మికంగా రాయమంటే ఎవరైనా కఠోపనిషత్తులోని రథం దగ్గరకి వెళ్తారు. శరీరం రథం, బుద్ధి సారథి, ఇంద్రియాలు గుర్రాలు. గొప్ప మాటే, కానీ దాన్ని ఈసారికి వదిలేస్తున్నాను. నిజంగా రోడ్డు మీద, నిజమైన రథం కింద జరిగిందని మనవాళ్ళు చెప్పుకునే కథ ఒకటి బెజవాడలో ఉంది.

విష్ణుకుండిన వంశంలో మాధవవర్మ పేరుతో ఒకరికి మించి రాజులున్నారు. వారిలో ఒకరి కాలంలో జరిగిందంటారు. రాకుమారుడు రథం మీద వీధిలో వెళ్తున్నాడు. దారి పక్కన చింతచిగురు అమ్ముకునే ఒక పేదరాలి బిడ్డ ఆ రథచక్రాల కింద పడి చనిపోయాడు. ఆమె రాజు దగ్గరకి వెళ్ళి మొరపెట్టుకుంది. మాధవవర్మ విచారించి, తప్పు తన కొడుకుదేనని తేల్చి, అతడికి మరణశిక్ష వేశాడు. అది అమలైంది కూడా. ఆ ధర్మనిష్ఠకి మెచ్చి కొండ మీది దుర్గమ్మ పట్నమంతా బంగారు వాన కురిపించి ఇద్దరు పిల్లల్నీ బతికించిందని ఐతిహ్యం. తమిళనాట తిరువారూరులో మనునీతి చోళుడి గురించి ఇలాగే చెబుతారు. అక్కడ రథం కింద పడింది ఆవుదూడ. గుడి దగ్గర రాతిరథం శిల్పం కూడా ఉంది.

ఈ కథ చెప్పేటప్పుడు మనకి హుషారు వచ్చేది బంగారు వాన దగ్గర. నన్ను పట్టుకుని వదలనిది చింతచిగురు. ఆమె పొద్దున్నే కొమ్మలు వంచి చిగురు దూసి, గంపలో పోసుకుని, తడిగుడ్డ కప్పి, బిడ్డని పక్కన కూర్చోబెట్టుకుని అమ్ముకుంటూ ఉండి ఉంటుంది. వేసవిలో కూకట్‌పల్లి రైతుబజారు బయట, బెజవాడ వన్‌టౌన్ సందుల్లో అలాంటి గంపలు ఇప్పటికీ చూస్తాం. రాకుమారుడు చంపాలని రథం తోలాడని నేను విన్న ఏ కథలోనూ లేదు. అతనికి ఆ బిడ్డ మీద పగ లేదు, అసలు ఆ బిడ్డ అక్కడున్నట్టే తెలియదు. అతివేగంలో ఉన్న అధర్మం అదే. ఎదుటివాడి మీద ద్వేషం అక్కర్లేదు, వాడొకడు ఉన్నాడన్న సంగతి మర్చిపోతే చాలు.

అలా చూస్తే చలానాని తిట్టుకోబుద్ధి కాదు. రాకుమారుడికి కబురు అందింది బిడ్డ పోయాక. మనవాడికి ఎవరికీ ఏమీ కాకముందే అందింది. ఆ రోజు ఆ వేగానికి ఎదురుగా గంప పక్కన ఎవరూ కూర్చుని లేరు, అంతే తేడా. దానికి రాష్ట్రప్రభుత్వం తీసుకున్నది 1,035 రూపాయలు. చౌక బేరమే.

అయితే మాధవవర్మ కథ విని పిల్లాడి మీద విరుచుకుపడే తండ్రులూ ఉంటారు. వాళ్ళకి ఇంకో కథ చెప్పాలి. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో మాండవ్యుడి వృత్తాంతం ఉంది. దొంగలు ఆయన ఆశ్రమంలో దాక్కుంటే, మౌనవ్రతంలో ఉన్న ఆ మునిని కూడా దొంగేననుకుని రాజభటులు కొరత వేశారు. తర్వాత ఆయన యముడి దగ్గరకి వెళ్ళి నిలదీశాడు, నేనేం చేశానని నాకింత శిక్ష? చిన్నప్పుడు పురుగుల్ని పుల్లలతో గుచ్చి ఆడుకున్నావు, దాని ఫలం ఇది అన్నాడు యముడు. మాండవ్యుడికి ఒళ్ళు మండింది. ఊహ తెలియని వయసులో చేసిన చిన్న తప్పుకి ఇంత పెద్ద దండనా అని ధర్మదేవతనే భూమ్మీద పుట్టమని శపించాడు. అలా పుట్టినవాడే విదురుడు. పద్నాలుగేళ్ళ లోపు చేసినదానికి పాపం అంటదని మర్యాద పెట్టింది కూడా ఆ మునే.

తప్పుకి మించి శిక్షిస్తే ధర్మదేవతకైనా శాపం తప్పలేదు. ఇక ఇంటి యజమాని ఎంత? మొదటి చలానాకే తాళాలు లాక్కుని, చుట్టాల ముందు చులకన చేసి, పదేళ్ళ కిందటి మార్కుల మెమో దాకా తవ్వితే పిల్లాడు నేర్చుకునేది ఒక్కటే. కెమెరా ఎక్కడుందో కనిపెట్టడం.

వయసు మాట వచ్చింది కనుక ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. మాండవ్యుడి గీత పద్నాలుగు, మోటారు వాహనాల చట్టం గీత 18. గేర్లు లేని చిన్న బండికి మాత్రం 16. ఆ వయసు రాని పిల్లాడు నడిపి దొరికితే 1988 చట్టంలో 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ కింద దోషి తండ్రో, బండి యజమానో. మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేదు. టెన్త్ పాసయ్యాడని బైకు కొనిచ్చేవాళ్ళకి ఆధ్యాత్మిక వ్యాసం అక్కర్లేదు, ఈ నాలుగు ముక్కలు చాలు.

వేగానికి జరిమానా వేసే రోడ్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది తిరుమల ఘాట్. అక్కడ ఎంత త్వరగా వచ్చావన్నది చూస్తారు. కొండ ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తగ్గకుండా పట్టాలి. బయల్దేరే చోట చీటీ మీద టైము వేసి పంపిస్తారు, చివర టోల్‌గేటు దగ్గర చూస్తారు. ముందే వచ్చేశావా, జరిమానా. స్వామి దగ్గరకి తొందరగా వెళ్ళడం కూడా నేరమయ్యే చోటు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. మనవాళ్ళు ఏం చేస్తారంటే, మలుపుల్లో టైర్లు కీచుమనేలా తోలి, టోల్‌గేటుకి కాస్త ముందర చెట్టు కింద ఆపుకుంటారు. డోర్లు తీసి, పులిహోర పొట్లం విప్పి, మాటిమాటికీ ఫోన్లో టైము చూసుకుంటూ నిమిషాలు గడిపి, లెక్క సరిపోయాక నిదానంగా గేటు దాటతారు. చీటీ లెక్క ప్రకారం వాళ్ళది తప్పేం లేదు. లోయ అంచున ఎదురుబడ్డ ప్రాణాలకి మాత్రం ఆ లెక్కతో పని లేదు. వెనక సీటులో కూర్చున్న పిల్లలు ఆ చెట్టు కింద ఏం నేర్చుకుంటారో వేరే చెప్పాలా?

మనం పిల్లాడి చలానాని గుట్టుగా కట్టేయడం కూడా ఆ చెట్టు కింద ఆగడం లాంటిదే. ఖాతా సరిపోతుంది, మనిషి మారడు. మనుస్మృతిలో ఈ కాలానికి ఒప్పుకోలేనివి ఎన్నో ఉన్నా, ప్రాయశ్చిత్తాల గురించి చెప్పే పదకొండో అధ్యాయంలో ఒక వరుస ఉంది, అది నాకు నచ్చుతుంది. చేసిన తప్పు నోటితో చెప్పుకోవడం మొదట, పశ్చాత్తాపం ఆ తర్వాత, తపస్సు, అధ్యయనం ఆ పైన. దానమన్నది అన్నిటికంటే చివర, అదీ ఇంకో దారి లేనప్పుడు. డబ్బు కట్టి బయటపడడం ఆఖరి మెట్టు. మనింట్లో వరుస తిరగబడింది. ముందు ఫోన్‌పే, మిగతావి ఎప్పటికీ లేవు.

ఇంకో రకం భక్తులు కట్టనే కట్టరు. తెలంగాణ ప్రభుత్వం 2022లో ద్విచక్ర వాహనాల పాత చలానాల మీద 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం మాఫీ ఇచ్చింది. అప్పట్నుంచి చలానాలు కుప్పపెట్టుకుని, పుష్కరాల కోసం పాపాలు దాచుకున్నట్టు, తర్వాతి డిస్కౌంటు కోసం ఎదురుచూస్తున్నారు. గోదారమ్మ దయ గొప్పది కావచ్చు, అదే చూసుకుని బండి తోలితే ఎట్లా?

ఏం చేయాలో నాకు తోచినది ఇంతే. ఆ ఫోటోని పిల్లాడితో కలిసి చూడండి. నంబరు మనది కాకపోయినా, లెక్క తప్పనిపించినా ఫిర్యాదు పెట్టే వీలుంది, పెట్టండి. అబద్ధపు తప్పు ఒప్పుకోవడం వినయం కాదు. తప్పు నిజమైతే “ఎంత వేగం వెళ్ళావు, ఎందుకు?” అని అడిగి, వాడు చెప్పేదాకా ఓపిక పట్టండి. ఆ 1,035 వాడి పాకెట్ మనీలోంచి, వాడి చేత్తో కట్టించండి. సంపాదన లేదంటే నెలనెలా కోసుకోండి. ఆదివారం పొద్దున్న మీరు పక్క సీటులో కూర్చుని, అదే రోడ్డు మీద మళ్ళీ వాడినే నడపనివ్వండి. బాబాయిని ఇంట్లోనే ఉంచండి.

ఆ వెళ్ళేముందు మీ పేరు మీద పాత చలానాలు ఏమైనా పడి ఉంటే కట్టేయండి. వాడికి ఇప్పుడు వెబ్‌సైటు తెలుసు, మీ బండి నంబరూ తెలుసు.